నట్టు ఎంత బిగించాలి?

ఇంట్లో ఒక తలుపు దగ్గరికి వెళ్ళి, దాని మడతబందులకు బెత్తెడు దూరంలో ఒక వేలు పెట్టి నెట్టి చూడండి. తలుపు కదలదు, కదిలినా బద్ధకంగా కదులుతుంది. ఇప్పుడు అదే వేలు గడియ దగ్గర పెట్టి నెట్టండి. తలుపు హాయిగా తిరుగుతుంది. తలుపు అదే, వేలు అదే, వేలులోని బలమూ అదే. మారినదల్లా బందులకూ వేలుకూ మధ్యనున్న దూరం.

మన పెద్దలకు ఈ సంగతి పుస్తకాలు లేకుండానే తెలుసు. తిరగలి చూసినవారు మీలో వుంటే గుర్తు తెచ్చుకోండి. పై రాతికి పిడి నడుమ వుండదు, అంచున వుంటుంది. నడుమ వుంటే భీముడు కూడా విసరలేడు. గానుగకు కట్టే ఎద్దును రోలు పక్కనే కట్టరు; పొడుగాటి దూలం చివర కడతారు. ఎద్దు చుట్టూ తిరగవలసిన దూరం ఎక్కువైనా దాని పని సులువవుతుంది.

అంటే ఒక వస్తువును తిప్పటానికి బలం ఒక్కటే చాలదు. ఆ బలాన్ని ఎంత దూరాన ప్రయోగించామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బలాన్నీ దూరాన్నీ గుణిస్తే వచ్చేదాన్ని పాఠ్యపుస్తకాలలో బలభ్రామకం అంటారు. మోటారు పని చేసేవారు టార్కు అంటారు. నోరు తిరగటానికి సులువు గనక నేనూ టార్కు అనే అంటాను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: బలం అడ్డంగా, అంటే లంబంగా పడాలి. తలుపును బందుల వైపుకు ఎంత గట్టిగా నెట్టినా అది తిరగదు గదా!

ఈ టార్కు మీద మన ప్రాణాలు ఆధారపడే చోటు ఒకటి చూద్దాం. ఎడ్లబండి చక్రం ఇరుసు నుంచి జారిపోకుండా కడచీల వుంటుంది. కారుకు కడచీల లేదు. చిన్న కారులో ఒక్కొక్క చక్రానికి నాలుగు నట్లు, కొంచెం పెద్దదానిలో ఐదు నట్లు వుంటాయి. కొన్ని కార్లలో నట్లకు బదులు బోల్టులే వుంటాయి. ఇంటిల్లిపాదీ ఎక్కి గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో పెళ్ళికి పోతున్నప్పుడు చక్రాన్ని పట్టి వుంచేవి అవే.

నట్టు బిగిస్తే లోపల ఏం జరుగుతుంది? బోల్టు సాగుతుంది. ఉక్కు సాగటమేమిటని నవ్వకండి. కంటికి కనిపించనంత, వెంట్రుక మందమో అంతకన్న తక్కువో, నిజంగానే సాగుతుంది. సాగదీసిన రబ్బరు పట్టీ ముడుచుకోవాలని చూసినట్టే బోల్టు కూడా ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగుడువల్లనే చక్రం బిళ్ళకు అదుముకుని వుంటుంది. బిగింపు చాలకపోతే బోల్టు సరిగా సాగదు. దారి కుదుపులకు నట్టు కొంచెం కొంచెంగా వెనక్కి తిరిగి, చివరకు ఊడిపోతుంది. బిగింపు మితిమీరితే బోల్టు తన హద్దు దాటి సాగిపోతుంది. పాత లాగులోని ఎలాస్టిక్కు చూశారా? ఒకసారి సాగిపోయాక మళ్ళీ దగ్గరికి రాదు. హద్దు దాటిన బోల్టు కూడా అంతే. మెడ సన్నపడి, పగులు తీసి, ఒకనాడు పుటుక్కున తెగుతుంది. వదులు నట్టు చేసే అపకారమే అతిగా బిగించిన నట్టూ చేస్తుంది. తేడా ఏమిటంటే, అతిగా బిగించినవాడు తాను చాలా మంచిపని చేశానని అనుకుంటాడు.

మా వూరి బస్టాండు దగ్గర ఒక పంక్చరు కొట్టు ఉన్నది. ఒకసారి అక్కడ పద్దెనిమిదేళ్ళ అబ్బాయి కారుకు చక్రం ఎక్కించి, నట్టుకు పానా తగిలించి, పానా చివర రెండు కాళ్ళతో నిలబడి గెంతుతున్నాడు.

"ఎందుకు బాబూ ఆ గంతులు?" అన్నాను.

"దూరం పోయే బండి మాష్టారూ! గట్టిగా బిగించవద్దూ?"

"నీ బరువెంత?"

"అరవై కిలోలుంటానండీ."

పానా కొలిస్తే ముప్ఫై సెంటీమీటర్లున్నది. ఇద్దరం కూర్చుని ఇసకలో పుల్లతో లెక్క వేశాం. అరవైని 0.30తో గుణిస్తే 18. కారాయన దగ్గర కారుతోపాటు ఇచ్చిన పుస్తకం ఉన్నది. అది తీసి చూస్తే ఆ నట్లకు కావలసినది 10 అని ఉన్నది.

"అంటే నేను ఊరికే నిలబడితేనే రెండింతలకు దగ్గిరా!" అన్నాడు ఆ అబ్బాయి. గెంతితే ఎంతవుతుందో ఇక వేరే చెప్పాలా? కారాయన ముఖం పాలిపోయింది. అప్పటికప్పుడు నట్లన్నీ వదులు చేయించి, బోల్టులు చూపించుకుని, మళ్ళీ బిగింపించుకున్నాడు. ఇలా కాళ్ళతో బిగించిన నట్లకు ఇంకొక చిక్కున్నది. అర్ధరాత్రి దారి మధ్యలో టైరు దిగిపోతే, కారులో వుండే చిన్న పానాతో వాటిని విప్పటం ఎవరి తరమూ కాదు. స్టెప్నీ వుండి కూడా తెల్లవార్లూ రోడ్డు పక్కన కూర్చోవలసిందే.

సరే, 18 అన్నాం, 10 అన్నాం. 18 ఏమిటి? 10 ఏమిటి? అసలు కథ ఇక్కడే ఉన్నది.

మీటరు పొడుగు కర్ర ఒకటి తీసుకుని, ఒక చివర కిలో ఉప్పు పొట్లం కట్టండి. రెండో చివర ఒక్క చేత్తో పట్టుకుని, కర్రను నేలకు సమాంతరంగా నిలపండి. మణికట్టు లాగేస్తుంది! కర్ర బరువు వదిలేస్తే, ఇప్పుడు మీ మణికట్టు మీద పడుతున్న టార్కు ఒక కిలోభార మీటరు. పొట్లాన్ని కర్ర మధ్యకు జరపండి; బరువు అదే అయినా లాగుడు సగమవుతుంది. ఇసకలో మేము వేసినది ఈ లెక్కే. పని చేసేవారు దీన్ని పొట్టిగా కిలో మీటరు అనేస్తారు. అది బెజవాడకూ గుంటూరుకూ మధ్య కొలిచే కిలోమీటరు కాదు సుమా!

శాస్త్రజ్ఞులు బలాన్ని కిలోలలో కొలవరు, న్యూటన్లలో కొలుస్తారు. ఒక న్యూటన్ అంటే ఎంతో తెలియాలంటే రెండు మాదిరి నిమ్మకాయలు అరచేతిలో పెట్టుకోండి. 102 గ్రాముల బరువు మన చేతిని నొక్కే బలం సుమారు ఒక న్యూటన్. కిలో బరువు సుమారు 9.8 న్యూటన్లు. అందుచేత ఒక కిలోభార మీటరు అంటే 9.8 న్యూటన్ మీటర్లు. మన అబ్బాయి 18 ఈ కొలతలో సుమారు 176 అవుతుంది. చిన్న కార్ల చక్రాల నట్లకు సాధారణంగా 80 నుంచి 120 న్యూటన్ మీటర్ల వరకు కావాలి. ఏ బండికి సరిగ్గా ఎంతో ఆ బండి పుస్తకమే చెప్పాలి. పక్కింటివారి బండి అంకె పనికిరాదు.

పై తరగతుల పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు: "న్యూటన్ మీటరుకు జౌలు అని పేరున్నది గదండీ?" నిజమే, కాని అది పనిని కొలిచేటప్పటి పేరు. తుప్పు పట్టిన నట్టుకు పానా తగిలించి గంటసేపు వేలాడండి. నట్టు కదలకపోతే శాస్త్రం ప్రకారం మీరు నట్టు మీద చేసిన పని సున్న. టార్కు మాత్రం గంటసేపూ ఉన్నది. అందుకని టార్కును ఎవరూ జౌళ్ళలో చెప్పరు.

ఇంగ్లీషువారి పాత కొలతలు ఇంకొక తంటా. ఒక అడుగు దూరంలో ఒక పౌను బరువు వేలాడితే అది పౌను అడుగు. అది 1.356 న్యూటన్ మీటర్లకు సమానం. అమెరికాలో ఈనాటికీ దీన్ని వాడుతున్నారు. చిన్న చిన్న మరలకు పౌను అంగుళం అని ఇంకొకటి వున్నది. అది పౌను అడుగులో పన్నెండో వంతు.

మన దేశంలో 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, ఆ తరవాత క్రమంగా మెట్రిక్ కొలతలు వాడుకలోకి వచ్చాయి. అంతకు ముందు మన ఇళ్ళలో వీశలూ సేర్లూ చెల్లేవి. వీశ అంటే సుమారు ఒక కిలో 400 గ్రాములు. తాతయ్య "రెండు తీసుకురా" అన్నది వీశలనుకోండి, మనమడు రెండు కిలోలు తెస్తే వంకాయ కూర కాస్త తగ్గుతుంది, అంతే. నట్ల దగ్గర అలా సరిపెట్టుకోవటానికి వీలులేదు. పుస్తకంలో 80 పౌను అడుగులని వుంటే, కొలమానం చూడకుండా 80 న్యూటన్ మీటర్లకు బిగించినవాడు కావలసినదానిలో మూడు పాళ్ళే బిగించినట్టు. నాలుగో పాలు లేదు. ఆరు మిల్లీమీటర్ల సన్న బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు చాలు. దానికి 10 కిలోభార మీటర్లు వేస్తే పదింతలకు దగ్గరవుతుంది. బోల్టు చేతిలోకి వస్తుంది.

ఇటువంటి పొరపాటు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకు కూడా జరిగింది. 1998 డిసెంబరులో అమెరికావారు అంగారక గ్రహానికి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను పంపారు. అందులోని చిన్న రాకెట్లు ఇచ్చే తోపుడును ఒక బృందం పౌనులలో లెక్కకట్టి పంపింది. రెండో బృందం ఆ అంకెలు న్యూటన్లలో ఉన్నాయనుకున్నది. ఒక పౌను బలం సుమారు నాలుగున్నర న్యూటన్లు. తొమ్మిది నెలల ప్రయాణం చేసి, 1999 సెప్టెంబరు 23న ఆ నౌక అనుకున్న దానికన్న బాగా కిందుగా అంగారకుని వాతావరణంలోకి చొచ్చుకుపోయింది. తిరిగి దాని ఉలుకూ పలుకూ లేదు. లెక్కల పరీక్షలో "యూనిట్లు ఎక్కడరా?" అని మాష్టారు అర మార్కు కొట్టేస్తే ఏడ్చే పిల్లలు ఈ నౌకను తలచుకోవాలి.

అంకె తెలిసింది, కొలమానం తెలిసింది. అంత టార్కు పడిందో లేదో చేతికి ఎలా తెలుస్తుంది? ఎంత అనుభవం గల మేస్త్రీకైనా పొద్దున ఉన్న చెయ్యి సాయంత్రానికి వుండదు. అందుకే టార్కు రెంచి వచ్చింది. 1918లో న్యూయార్కు నగరపు నీటి సరఫరా శాఖలో పనిచేస్తున్న కాన్రాడ్ బార్ అనే ఆయన, గొట్టాల బోల్టులు అతిగా బిగించటంవల్ల కలిగే నష్టం చూసి దీన్ని కనిపెట్టాడని చెబుతారు. ఇందులో తేలికరకం ఒకటి వున్నది: పిడి పట్టి లాగినకొద్దీ కడ్డీ కొద్దిగా వంగుతుంది, దాని పక్కన వంగకుండా వుండే ముల్లు ఎంత టార్కు పడిందో అంకెల మీద చూపుతుంది. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది టక్కుమనే రకం. గొట్టంలాంటి పిడి లోపల గట్టి స్ప్రింగు వుంటుంది. పిడి తిప్పి ఆ స్ప్రింగును మనకు కావలసినంత నొక్కి పెడతాం. నట్టు మీద అంత టార్కు పడగానే లోపలి మీట జారి "టక్" మంటుంది, చేతికి చిన్న కుదుపు తగులుతుంది. చాలామంది, టక్కుమన్న తరవాత రెంచి ఇక బిగించదని అనుకుంటారు. అది పొరపాటు. రెంచి కబురు చెబుతుంది, అంతే. ఆపవలసిన చెయ్యి మనదే. "ఇంకొక్కసారి టక్కుమనిపిద్దాం" అని మళ్ళీ మళ్ళీ లాగితే, లాగినప్పుడల్లా నట్టు ఇంకొంచెం బిగుసుకోవచ్చు.

రెంచి పుచ్చుకునే ముందు దాని మీది అంకెల వరసలు చూడాలి. కొన్నిటి మీద ఒక పక్క న్యూటన్ మీటర్లూ, రెండో పక్క పౌను అడుగులూ వుంటాయి. కింది తాళం వదులు చేసి, గొట్టం మీది గీతకు పిడి అంచు వచ్చేదాకా తిప్పి, మిగిలిన చిన్న అంకెలు పిడి మీది గీతలతో సరిచూసుకుని, మళ్ళీ తాళం బిగించాలి. 95 కావాలనుకోండి: గొట్టం మీద 90 గీత, పిడి మీద 5. అన్ని రెంచీలకూ గీతలు ఒకేలా వుండవు గనక దానితో వచ్చిన కాగితం ఒకసారి చదవటం మంచిది.

చక్రం నట్లను మొదట వేళ్ళతోనే తిప్పాలి. వేళ్ళకు తిరగకుండా మొరాయిస్తే మర అడ్డంగా ఎక్కిందన్నమాట. అక్కడ పానాతో మొండికెయ్యరాదు, వెనక్కి తీసి మళ్ళీ ఎక్కించాలి. తరవాత మామూలు పానాతో అన్నిటినీ కొద్దిగా బిగించి, జాకీ దించి, టైరు నేలకు ఆనాక టార్కు రెంచి వాడాలి. లేకపోతే నట్టుతోపాటు చక్రమూ తిరుగుతుంది. వరసగా పక్కపక్క నట్లు బిగించకూడదు. నాలుగుంటే ఎదురెదురుగా, ఐదుంటే పెన్సిలు ఎత్తకుండా నక్షత్రం గీసినట్టుగా, ఒకటి విడిచి ఒకటి బిగించాలి. నవారు మంచం ఒక పక్కే లాగితే ఏమవుతుందో మీ అమ్మమ్మను అడగండి. రెంచిని పిడి నడుమ పట్టుకోవాలి. పిడికి గొట్టం తొడిగి పొడుగు చేయరాదు. అదాటున గుంజకుండా, బావిలోంచి నిండు చేద లాగినట్టు నిదానంగా లాగాలి. టక్కుమనగానే ఆపాలి. పిల్లలు ఈ పని పెద్దవాళ్ళు దగ్గరుండగానే చెయ్యాలి. జాకీ మీద వున్న బండి కిందికి ఎవరూ చెయ్యి కూడా పోనివ్వకూడదు.

టార్కు రెంచితో బిగుసుకుపోయిన నట్లు విప్పటం గడియారంతో మేకు కొట్టటంలాంటిది. పని కాగానే అంకెను దాని మీది అన్నిటికన్న చిన్న గీతకు తెచ్చి పెట్టెలో పెట్టాలి. స్ప్రింగు ఎప్పుడూ నొక్కుకుని వుంటే దాని సత్తువ తగ్గిపోతుంది. కింద పడేసిన రెంచి మాట నమ్మకూడదు. పడకపోయినా ఏడాదికొకసారి, లేదా ఐదువేల బిగింపులకొకసారి సరిచూపించుకోవాలి. కొట్లలో తూకపురాళ్ళకు ముద్ర వేయించుకోరూ, అలాగే.

ఇంత చేసినా రెంచి మనకు చెప్పేది నట్టు తిరగటానికి ఎంత మొరాయిస్తున్నదో మాత్రమే. బోల్టు ఎంత సాగిందో అది చెప్పలేదు. మనం వేసే టార్కును పది పాళ్ళు చేస్తే, మామూలుగా తొమ్మిది పాళ్ళు రాపిడికే పోతాయి: సుమారు ఐదు నట్టు కింద, నాలుగు మరలలో. బోల్టును సాగదీసేది మిగిలిన ఒక్క పాలే. అందుచేత మరలకు తుప్పూ మట్టీ పట్టి వుంటే, బోల్టు సాగకముందే రెంచి టక్కుమంటుంది. పుస్తకం పొడి మరలకు అంకె చెబితే, మనం నూనె పూసి అదే అంకెకు బిగించామనుకోండి, రాపిడి తగ్గి బోల్టు ఎక్కువ సాగుతుంది. కాబట్టి తీగ బ్రష్షుతో మర శుభ్రం చెయ్యాలి, పుస్తకం చెబితేనే నూనె వెయ్యాలి.

అసలు బోల్టే తప్పయితే ఏ సాధనమూ కాపాడదు. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలాగాకు బయలుదేరింది. 17,000 అడుగులు దాటిందో లేదో, కెప్టెన్ ఎదుటి అద్దం ఊడి ఎగిరిపోయింది. బయటికి తోసుకుపోయిన గాలి కెప్టెన్ టిమ్ లాంకాస్టర్‌ను నడుముదాకా కిటికీ బయటికి లాగేసింది. సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని వదలలేదు. పక్కనున్న పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అందరూ బతికారు, కెప్టెన్ కూడా కోలుకుని మళ్ళీ విమానం నడిపాడు. ఆ అద్దాన్ని కిందటి రోజు తెల్లవారుజామునే మార్చారు. దానికి 90 బోల్టులు. అందులో 84 వుండవలసిన దానికన్న అర మిల్లీమీటరు పైచిలుకు సన్నవి. బిగించినవారు టార్కు హద్దు చూపే సాధనమే వాడారు! కాని లావు మరలో సన్న బోల్టు పట్టేదేమున్నది? పాత బోల్టుతో కంటిచూపున పోల్చి కొత్తవి ఏరుకున్నారు. వాటి నంబరును పుస్తకంతో సరిచూడలేదు.

కారు చక్రం మార్చాక యాభై నుంచి వంద కిలోమీటర్లు పోయిన తరవాత ఒకసారి ఆగి, చక్రం చల్లారనిచ్చి, నట్లను మళ్ళీ రెంచితో చూసుకోవాలి. కొత్తగా కూర్చుకున్న చక్రం కాస్త సర్దుకుంటుంది గనక ఒకటి రెండు నట్లు కొద్దిగా తిరగవచ్చు. అప్పుడు ఐదూ తిరిగితే మాత్రం ప్రయాణం ఆపి మెకానిక్కుకు చూపించాలి.

ఇక మీకొక లెక్క. ఒక కారు పుస్తకంలో చక్రం నట్లకు 84 న్యూటన్ మీటర్లు అని ఉన్నది. మీ దగ్గర 40 సెంటీమీటర్ల మామూలు పానా మాత్రమే ఉన్నది. దాని చివర ఎన్ని న్యూటన్ల బలంతో లాగాలి? అది ఎన్ని కిలోల బరువుకు సమానం? పానాను సగంలో పట్టుకుంటే ఎంత బలం కావాలి? పెన్సిలు తీసుకుని మీరు చేశాకే కింది పంక్తి చదవండి.

జవాబులు: 210 న్యూటన్లు, సుమారు 21 కిలోలు, అంటే నిండు నీళ్ళ బిందె ఎత్తినంత. సగంలో పట్టుకుంటే 420 న్యూటన్లు, అంటే రెండు బిందెలు.